వంటింటి కుళాయి కారుతోందా? ఎక్కడ కారుతోందో చూసి మీరే బాగు చేసుకోండి

సింకు దగ్గర కుళాయి కట్టేసినా చుక్కలు పడుతుంటే ఇంట్లో అందరూ చేసే పని ఒక్కటే, ఇంకాస్త బిగించి తిప్పడం. ఆ పూటకు ఆగుతుంది. వారం తిరిగేసరికి మళ్లీ మొదలవుతుంది, ఈసారి ఇంకా బలంగా తిప్పాల్సి వస్తుంది. కొన్నాళ్లకు పిల్లలకూ పెద్దవాళ్లకూ ఆ కుళాయి తిప్పడమే కష్టమవుతుంది. దయచేసి ఈ పని మానేయండి. గట్టిగా తిప్పే కొద్దీ లోపల రబ్బరు నలిగిపోతుంది, దాని కింద ఉండే ఇత్తడి అంచు కూడా అరుగుతుంది. పది రూపాయలతో పోయేది కుళాయి మొత్తం మార్చేదాకా వస్తుంది.

నీరు సరిగ్గా ఎక్కడి నుంచి వస్తోందో చూస్తే ఏ భాగం పాడైందో దాదాపుగా తెలిసిపోతుంది. ఆ భాగం ఎక్కువసార్లు ఒక చిన్న రబ్బరు వాషరో, ఓ-రింగో (సన్నటి రబ్బరు ఉంగరం), బొటనవేలంత కార్ట్రిడ్జో (కొత్త రకం కుళాయిలో నీటిని తెరిచి మూసే ముక్క) అయి ఉంటుంది. దాన్ని మార్చడానికి నీళ్లు ఎక్కడ ఆపాలో, దేన్ని ఎటు తిప్పాలో తెలిస్తే చాలు. మొదటిసారి చేసేవాళ్లకు గంటా గంటన్నర పట్టొచ్చు, తొందరపడకండి.

పని మొదలుపెట్టే ముందు ఎంత నీరు పోతోందో కొలిచి చూడండి. కుళాయి కింద గ్లాసు పెట్టి గంట ఆగండి. అందులో 200 మిల్లీలీటర్లు చేరితే రోజుకు 4.8 లీటర్లు, ఏడాదికి సుమారు 1,750 లీటర్లు పోతున్నట్టు. డాబా మీద 1,000 లీటర్ల ట్యాంకు ఉంటే అది దాదాపు రెండుసార్లు నిండేంత నీరు. వేసవిలో ట్యాంకర్ కొనుక్కునే ఇళ్లకు ఆ లెక్క వేరే చెప్పక్కర్లేదు.

ముందు తడి ఎక్కడిదో తేల్చుకోండి

కుళాయిని, గోడ దగ్గర జాయింటును, సింకు కింద పైపులను పొడి గుడ్డతో పూర్తిగా తుడవండి. తర్వాత టిష్యూ పేపరో, పాత న్యూస్‌పేపర్ ముక్కో ఒక్కో జాయింటుకు తాకించి చూడండి. కంటికి కనపడని తడి కూడా కాగితం మీద తెలిసిపోతుంది. ఇది ఒకసారి కుళాయి కట్టేసి, ఒకసారి తెరిచి, రెండుసార్లూ చేయాలి. ఎందుకంటే కొన్ని లీకులు నీళ్లు పారుతున్నప్పుడే బయటపడతాయి.

కట్టేసినా నీళ్లు పడే మూతి నుంచే చుక్కలు వస్తుంటే లోపల నీటిని ఆపే భాగం పోయింది. పాత రకంలో అది రబ్బరు వాషర్, కొత్త రకంలో సిరామిక్ కార్ట్రిడ్జ్. తెరిచినప్పుడు మాత్రమే పిడి కింద నుంచి నీరు ఊరుతుంటే పిడి కాడ చుట్టూ ఉండే ఓ-రింగ్ లేదా ప్యాకింగ్ అరిగింది. అటూ ఇటూ తిరిగే పొడవాటి మెడ ఉన్న కుళాయిలో మెడ మొదట్లో తడి కనిపిస్తే, ఆ మెడ కింది ఓ-రింగ్‌ది తప్పు. గోడలోకి వెళ్లే చోట తడిస్తే థ్రెడ్ (మరలు) మీద చుట్టిన టెఫ్లాన్ టేప్ పని చేయడం లేదు. సింకు కింద అరలో నీరు చేరుతుంటే కనెక్షన్ పైపు నట్టులోని వాషర్‌ను అనుమానించాలి.

ఇంకో సంగతి ఉంది, దీని గురించి చాలామంది అనవసరంగా టెన్షన్ పడతారు. పొడవాటి మెడ ఉన్న కుళాయిని కట్టేశాక మెడలో మిగిలిన నీరు కొన్ని సెకన్ల పాటు చుక్కలుగా పడి ఆగిపోతుంది. మూతికి జాలీ ఉంటే ఇది ఇంకొంచెం ఎక్కువసేపు ఉంటుంది. అది లీకు కాదు. కట్టేసిన ఐదు నిమిషాల తర్వాత కూడా చుక్కలు పడుతుంటేనే విప్పండి.

మీది ఏ రకం కుళాయి?

విప్పకుండానే తెలుసుకోవచ్చు. పూర్తిగా తెరవడానికి రెండు మూడు చుట్లు తిప్పాల్సి వస్తే, కట్టేటప్పుడు చివర్లో మెత్తగా నొక్కుకున్నట్టు అనిపిస్తే, అది రబ్బరు వాషర్ రకం. పావు చుట్టు లేదా అర చుట్టుతో తెరుచుకుని, చివర గట్టిగా తగిలి ఆగిపోతే సిరామిక్ డిస్క్ రకం. గత కొన్నేళ్లలో కట్టిన ఇళ్లలో ఎక్కువగా ఉండేది ఇదే. ఒకే పిడిని పైకి ఎత్తితే నీళ్లు వచ్చి, పక్కకు తిప్పితే వేడి, చల్లన మారేది సింగిల్ లీవర్ మిక్సర్.

సిరామిక్ రకానికి చివర తగిలే ఆ గట్టి అడ్డు అక్కడితో ఆగమని చెప్పేదే. దాన్ని దాటించాలని బలం పెడితే లోపలి కాడ విరుగుతుంది, లేదా పిడిలోని పళ్లు అరిగి పిడి ఊరికే తిరుగుతుంది.

నీళ్లు ఆపడం

ఈ పనిలో నిజంగా జాగ్రత్త పడాల్సిన ఘట్టం ఇది. కుళాయి హెడ్ (పిడి కింద విప్పే భాగం) ఊడదీశాక నీళ్లు చిమ్మితే వంటిల్లంతా చెరువే.

సింకు కింద యాంగిల్ కాక్ (కుళాయికి నీళ్లు ఆపే చిన్న వాల్వ్) ఉంటే అదృష్టవంతులు, దాన్ని కట్టేస్తే సరిపోతుంది. గోడకు బిగించిన కుళాయిలకు సాధారణంగా అది ఉండదు. అప్పుడు వంటింటికి వెళ్లే లైనుకు గోడలో పిడి మాత్రమే కనిపించే కన్సీల్డ్ వాల్వ్ ఉందేమో చూడండి, అది ఎక్కువగా యుటిలిటీ వైపో, బాత్రూమ్ గోడ మీదో ఉంటుంది. అదీ లేకపోతే డాబా మీద ట్యాంకు నుంచి దిగే పైపుకున్న వాల్వ్ కట్టాలి. అపార్ట్‌మెంట్ అయితే ఆ పైపు మీద కింద, పైన ఉన్న ఇళ్లన్నీ ఆధారపడి ఉంటాయి కాబట్టి వాచ్‌మన్‌కూ, పక్కింటివాళ్లకూ ముందే చెప్పండి. వంట, స్నానాలు అయిపోయే పదకొండు, పన్నెండు గంటల వేళ మంచిది. అప్పుడు హార్డ్‌వేర్ షాపులు కూడా తెరిచి ఉంటాయి. సాయంత్రం చీకటి పడ్డాక మాత్రం మొదలుపెట్టొద్దు, ఏదైనా భాగం దొరక్కపోతే రాత్రంతా నీళ్లు లేకుండా ఉండాల్సి వస్తుంది.

నేరుగా మున్సిపల్ లైను మీద ఉన్న కుళాయి అయితే నీళ్లు వదలని వేళ చూసి చేసుకోవచ్చు. అయినా ఇంటి ముందున్న వాల్వ్ కట్టి ఉంచండి.

ఏళ్ల తరబడి తిప్పని గేట్ వాల్వ్ బిగుసుకుపోయి ఉంటుంది. రెండు చేతులతో మెల్లగా కదపండి, కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు. కదలకపోతే వదిలేయండి. అది విరిగితే మీ చేతిలో ఉన్న సమస్య కన్నా పెద్దది వచ్చి పడుతుంది.

వేడినీళ్ల లైను కూడా ఉన్న మిక్సర్ అయితే రెండు లైన్లూ కట్టాలి, గీజర్ స్విచ్ ఆపాలి. పని అయ్యాక వేడినీళ్ల వైపు నుంచి ధార నిండుగా వచ్చేదాకా గీజర్ వేయకూడదు. గీజర్ లోపలి ట్యాంకులో నీరు లేకుండా అది నడిస్తే దాని ఎలిమెంట్ కాలిపోతుంది. వంటింటి లైను నుంచి ఆర్‌ఓ ప్యూరిఫయర్‌కు నీళ్లు వెళ్తుంటే దాని ప్లగ్ కూడా తీసేయండి.

వాల్వ్ కట్టాక వంటింటి కుళాయినీ, దానికన్నా కింద ఉండే ఇంకో కుళాయినీ తెరిచి పైపులో మిగిలిన నీటిని వదిలేయండి. ధార పూర్తిగా ఆగిందంటేనే స్పానర్ పట్టుకోవాలి. సన్నగా ఆగకుండా వస్తూనే ఉంటే వాల్వ్ సరిగా మూసుకోలేదన్నమాట.

దగ్గర పెట్టుకోవాల్సినవి

సైజు మార్చుకునే స్పానర్ ఒకటి, ప్లస్, మైనస్ స్క్రూడ్రైవర్లు, అలెన్ కీల సెట్టు, టెఫ్లాన్ టేప్, పాత గుడ్డలు, టార్చి. అలెన్ కీల సెట్టు లేకపోతే 2.5 మిల్లీమీటర్లది ఎక్కువగా సరిపోతుంది. గోడ నుంచి కుళాయి విప్పాల్సి వస్తే పైపు రెంచ్ లేదా రెండో స్పానర్ కావాలి. క్రోమ్ పూత మీద గీతలు పడకుండా స్పానర్ దవడల మధ్య గుడ్డ మడిచి పెట్టండి.

అన్నిటికన్నా ముందు సింకు కన్నం మూయండి. ఒక గుడ్డ కుక్కినా చాలు. చిన్న స్క్రూ జారి సింకు పైపులోకి పోతే దాన్ని తీయడం కుళాయి రిపేరు కన్నా పెద్ద పని. విప్పిన ప్రతి ముక్కనూ ఒక తెల్ల గుడ్డ మీద విప్పిన వరుసలోనే పేర్చండి, ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. తిరిగి బిగించేటప్పుడు ఆ ఫొటోలు ఎంత పనికొస్తాయో చేసినప్పుడే తెలుస్తుంది.

రబ్బరు వాషర్ రకం

1. నీళ్లు ఆపాక కుళాయిని పూర్తిగా తెరిచి ఉంచండి. వాషర్ తన అడుగు అంచును వదిలి పైకి లేస్తుంది, హెడ్ తేలిగ్గా ఊడుతుంది. ఈ చిన్న సంగతి మరిచిపోయి బలం పెట్టేవాళ్లే ఎక్కువ.

2. పిడి మీది చిన్న మూతను మైనస్ స్క్రూడ్రైవర్‌తో మెల్లగా ఎత్తండి. కింద స్క్రూ కనిపిస్తుంది, విప్పి పిడి తీయండి. పిడి రాకపోతే సున్నం పట్టి ఉంటుంది. వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి అరగంట ఉంచి, అటూ ఇటూ కదుపుతూ లాగండి. సుత్తి వాడొద్దు.

3. పిడి కింద ఆరు పలకల హెడ్ ఉంటుంది. ఒక చేత్తో కుళాయి ఒంటిని గట్టిగా పట్టుకుని, ఇంకో చేత్తో స్పానర్‌తో హెడ్‌ను గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిప్పండి. ఒంటిని పట్టుకోకపోతే కుళాయి మొత్తం గోడలో తిరిగి, లోపలి ఎల్బో (పైపు వంపు ముక్క) పగిలే ప్రమాదం ఉంది.

4. హెడ్ ఊడి వచ్చాక దాని అడుగున వాషర్ కనిపిస్తుంది. కొన్నిటిలో వాషర్ జంపర్ అనే చిన్న ఇత్తడి బిళ్లకు నట్టుతో బిగించి ఉంటుంది, కొన్నిటిలో జంపర్ కుళాయి లోపలే ఉండిపోతుంది. పాత వాషర్ మీద గుండ్రటి గాడి పడి ఉంటే, అంచులు పగిలి ఉంటే, అదే దోషి.

5. పాత వాషర్‌ను షాపుకు తీసుకెళ్లి అదే వ్యాసం, అదే మందం ఉన్నది తీసుకోండి. కొత్తది ఎక్కించి నట్టు బిగించండి, రబ్బరు ఉబ్బేంతగా కాదు.

6. తిరిగి పెట్టే ముందు కుళాయి లోపల టార్చి వేసి, వాషర్ ఆనే ఇత్తడి అంచును చూడండి, వేలితో తడిమి చూడండి. నునుపుగా ఉంటే మంచిది. గుంటలు, గీతలు తగిలితే కొత్త వాషర్ వేసినా కొద్ది వారాల్లోనే మళ్లీ కారుతుంది. ఆ అంచును కోసి నున్నగా చేసే సాధనం ఉంటుంది కానీ అన్ని చోట్లా దొరకదు. అలాంటప్పుడు కుళాయి మార్చడమే మంచిదని నా అభిప్రాయం.

7. కాడను తెరిచిన స్థితిలోనే ఉంచి హెడ్‌ను ముందు చేత్తో బిగించి, చివర్లో స్పానర్‌తో కొంచెం బిగించండి. పిడి పెట్టి, కుళాయి కట్టేసి, అప్పుడు వాల్వ్ మెల్లగా తెరవండి.

షాపు తెరిచి లేకపోతే పాత వాషర్‌నే తిరగేసి వేయవచ్చు, అటువైపు నునుపుగా ఉంటే కొన్నాళ్లు ఆపుతుంది. పాత సైకిల్ ట్యూబు ముక్కను గుండ్రంగా కత్తిరించి వేసేవాళ్లూ ఉన్నారు. రెండూ తాత్కాలికమే. తాగే నీళ్ల కుళాయికి ట్యూబు రబ్బరు వేయకపోవడం మంచిది.

సిరామిక్ డిస్క్ రకం

ఈ కార్ట్రిడ్జ్ లోపల రెండు నున్నటి సిరామిక్ బిళ్లలు ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉంటాయి. పిడి తిప్పితే పై బిళ్ల తిరిగి, రెండిటి రంధ్రాలు కలిసినప్పుడు నీరు వస్తుంది, తప్పినప్పుడు ఆగుతుంది. ఇవి చాలా గట్టివి, రబ్బరులా నలగవు. కానీ ఒక్క ఇసుక రేణువు మధ్యలో చిక్కితే బిళ్ల మీద గీత పడుతుంది, ఆ గీతలోంచి నీరు దారి చేసుకుంటుంది. అందుకే ట్యాంకు కడిగిన మర్నాడో, పైపు పని జరిగాకో కుళాయిలు కారడం మొదలవుతుంది. మీ ఇంట్లోనూ అలా జరిగితే కార్ట్రిడ్జ్ అరిగిందని అప్పుడే అనుకోకండి, మట్టి చిక్కి ఉండొచ్చు.

పిడిని విప్పడానికి స్క్రూ ఎక్కడుందో వెతకాలి. కొన్నిటికి పైన మూత కింద ఉంటుంది. కొన్నిటికి పిడి వెనక, కింది వైపు చిన్న రంధ్రంలో అలెన్ స్క్రూ ఉంటుంది. దాన్ని పూర్తిగా తీయక్కర్లేదు, వదులు చేస్తే పిడి వచ్చేస్తుంది. పిడి కింద అలంకారంగా ఉండే గుండ్రటి తొడుగును చేత్తోనే తిప్పి తీయవచ్చు. అప్పుడు కార్ట్రిడ్జ్ నట్టు కనిపిస్తుంది. ఇక్కడా కుళాయి ఒంటిని పట్టుకునే విప్పాలి.

బయటికి తీసిన కార్ట్రిడ్జ్‌ను తిరగేసి చూడండి. అడుగున ఒక రబ్బరు రింగు ఉంటుంది. అది చదునుగా నొక్కుకుపోయి ఉంటే బిళ్లలు బాగున్నా కారుతుంది. బిళ్లల్లో మట్టి, తుప్పు రేణువులు కనిపిస్తే కార్ట్రిడ్జ్‌ను శుభ్రమైన నీటి గిన్నెలో ముంచి, కాడను చాలాసార్లు తిప్పుతూ కడగండి. సూదితో, పిన్నుతో గీకడం అస్సలు వద్దు. కడిగి పెట్టాక ఆగితే ఖర్చు లేకుండా పని అయిపోయినట్టే. ఆగకపోతే కొత్తది.

కొత్త కార్ట్రిడ్జ్ కొనడంలోనే ఎక్కువమంది తిప్పలు పడతారు. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. పాతదాన్ని చేతిలో పట్టుకుని వెళ్లండి, ఫొటో చాలదు. షాపులో రెండిటినీ పక్కపక్కన నిలబెట్టి నాలుగు విషయాలు పోల్చండి: మొత్తం ఎత్తు, నట్టు కింది థ్రెడ్ వ్యాసం, పిడి కూర్చునే కాడ మీది పళ్ల సంఖ్య, తెరుచుకునే దిక్కు. చివరిది చాలామంది చూడరు. కొన్ని కార్ట్రిడ్జ్‌లు కుడికి తెరుచుకుంటాయి, కొన్ని ఎడమకు. వేడి, చల్లన రెండు పిడులున్న మిక్సర్‌లో ఈ రెండూ జంటగా ఉంటాయి. అటుదిటు వేస్తే పిడి తిప్పినప్పుడు ఇంట్లోవాళ్లంతా గందరగోళపడతారు.

కంపెనీ కుళాయి అయితే ఆ కంపెనీ కార్ట్రిడ్జే కొనడం మంచిది. బిల్లు ఉంటే ముందు వారంటీ చూడండి, పేరున్న కంపెనీలు చాలావరకు కుళాయిలకు కొన్నేళ్ల వారంటీ ఇస్తాయి. పాత మోడల్‌కు పేటలో దొరక్కపోతే హైదరాబాద్, సికింద్రాబాద్ వాళ్లు రాణిగంజ్ వైపు శానిటరీ, హార్డ్‌వేర్ షాపుల్లో అడిగి చూడొచ్చు.

కొత్తది బిగించే ముందు ఒక పని తప్పకుండా చేయండి. కార్ట్రిడ్జ్ తీసిన కన్నానికి గుడ్డ అడ్డం పట్టుకుని, ఇంకొకరిని వాల్వ్ ఒక్క క్షణం తెరిచి మూయమనండి. పైపులో ఉన్న మట్టి బయటికి కొట్టుకొస్తుంది. ఇది చేయకపోతే అదే ఇసుక కొత్త బిళ్లల్లోకి వెళ్తుంది. తర్వాత కార్ట్రిడ్జ్ కూర్చునే చోటు తుడిచి, నిటారుగా పెట్టి, చేత్తో ఎంత తిరిగితే అంత తిప్పి, చివర స్పానర్‌తో పావు చుట్టు లోపే బిగించండి. అతిగా బిగిస్తే బిళ్లలు నొక్కుకుని పిడి బరువుగా తిరుగుతుంది.

సింగిల్ లీవర్ మిక్సర్‌లోనూ పద్ధతి ఇదే. పిడి, తొడుగు, పెద్ద నట్టు తీశాక వెడల్పాటి కార్ట్రిడ్జ్ వస్తుంది. మన దగ్గర ఎక్కువగా 35 లేదా 40 మిల్లీమీటర్ల వ్యాసంలో ఉంటాయి. అడుగున చిన్న ముల్లులాంటి గుర్తులు కుళాయిలోని గుంటల్లో కూర్చోవాలి, రబ్బరు రింగులు జారిపోకుండా ఉండాలి.

పిడి దగ్గర, మెడ దగ్గర కారితే

పాత కుళాయిలో తెరిచినప్పుడు కాడ చుట్టూ నీరు ఊరితే అక్కడి చిన్న నట్టును ఎనిమిదో వంతు చుట్టు బిగించి చూడండి. ఆగితే సరే. ఆగకపోతే నట్టు తీసి లోపలి పాత ప్యాకింగ్ తీసేసి, టెఫ్లాన్ టేప్‌ను తాడులా పేని కాడ చుట్టూ చుట్టి నట్టు బిగించండి. కొత్త రకంలో ఇది ఓ-రింగ్ పని. అది విడిగా దొరక్కపోతే కార్ట్రిడ్జ్ మార్చాలి.

తిరిగే మెడకు మొదట్లో ఒక నట్టు ఉంటుంది. దాన్ని విప్పి మెడను తిన్నగా పైకి లాగితే అడుగున ఒకటో రెండో ఓ-రింగులు కనిపిస్తాయి. అరిగినదాన్ని గోరుతో ఎత్తి తీసి, గాడిని శుభ్రం చేసి, కొత్తదానికి సిలికాన్ గ్రీజు పలచగా రాసి ఎక్కించండి. కొబ్బరినూనె, వాజలిన్ వద్దు. కొన్ని రకాల రబ్బరు వాటితో ఉబ్బి త్వరగా పాడవుతుంది. గ్రీజు లేకపోతే నీళ్లతో తడిపి ఎక్కించినా చాలు.

గోడ జాయింటు, టెఫ్లాన్ టేప్

గోడ దగ్గర తడి కనిపిస్తే కుళాయిని మొత్తం విప్పి మళ్లీ టేప్ చుట్టాలి. ఇక్కడ ధైర్యం కొంచెం తక్కువ, జాగ్రత్త కొంచెం ఎక్కువ ఉండాలి. గోడలోని పైపు లేత పసుపు రంగు సీపీవీసీ (ఒక రకం ప్లాస్టిక్) అయితే ఎల్బోకు ఇత్తడి మరలు ఉన్నా బయటి ఒళ్లు ప్లాస్టిక్కే. మరీ బిగిస్తే పగులుతుంది. అది పగిలితే టైల్స్ కొట్టాలి.

కుళాయిని ఎడమకు తిప్పి విప్పాక థ్రెడ్ మీది పాత టేప్, పాత దారం, సఫేదా (మరలకు పూసే తెల్లటి ముద్ద) అన్నీ బ్రష్‌తో గీకి తీసేయండి. థ్రెడ్ చివర మీ వైపు ఉండేలా పట్టుకుని, టేప్‌ను గడియారం ముల్లు తిరిగే దిక్కులో బిగువుగా లాగుతూ చుట్టండి. వ్యతిరేక దిక్కులో చుడితే కుళాయి బిగించేటప్పుడు టేప్ వెనక్కి పోగుపడి ఊడుతుంది. మన దగ్గర దొరికే సన్నటి టేప్ పది నుంచి పదిహేను చుట్లు కావాలి. అంచున మొదటి మరను వదిలేయండి, లేకపోతే టేప్ ముక్కలు లోపలికి పోయి జాలీలో ఇరుక్కుంటాయి. కుళాయి నిటారుగా వచ్చేటప్పటికి బిగువు చాలాలి. దాటిపోయిందని వెనక్కి తిప్పితే ఆ జాయింటు కారుతుంది, మళ్లీ విప్పి కొత్తగా చుట్టాల్సిందే. సీపీవీసీ మీద నూనె కలిసిన సఫేదా రాయకండి, దానివల్ల ఆ ప్లాస్టిక్ దెబ్బతినొచ్చు. టెఫ్లాన్ ఒక్కటే చాలు.

కొత్త కుళాయి కొనాల్సి వస్తే సైజు విషయంలో ఒక గందరగోళం ఉంది. వంటింటి కుళాయిలు సాధారణంగా అర అంగుళం, అంటే 15 మిల్లీమీటర్ల సైజు. కానీ స్కేలు పెట్టి కొలిస్తే థ్రెడ్ బయటి వ్యాసం సుమారు 21 మిల్లీమీటర్లు వస్తుంది. అది చూసి ముప్పావు అంగుళం అనుకుని తెచ్చుకోకండి. ఇత్తడి కుళాయి మీద ఐఎస్‌ఐ మార్కు, ఐఎస్ 781 లేదా ఐఎస్ 8931 అన్న నంబరు ఉందో లేదో చూడండి. చేతిలోకి తీసుకుంటే మంచి ఇత్తడి కుళాయి బరువు తెలుస్తుంది.

సింకు కింద కనెక్షన్ పైపు నట్టు దగ్గర కారితే మాత్రం టెఫ్లాన్ చుట్టకండి. అక్కడ నీటిని ఆపేది నట్టు లోపలి రబ్బరు వాషర్, మరలు కాదు. టేప్ చుడితే నట్టు పూర్తిగా లోపలికి వెళ్లక ఇంకా కారుతుంది. వాషర్ మార్చి, చేత్తో బిగించి, స్పానర్‌తో పావు చుట్టు ఇస్తే చాలు. పైపు మీది స్టీల్ అల్లిక తుప్పు పట్టి పోగులు లేస్తుంటే పైపే మార్చండి. అది ఒక్కసారిగా పగిలితే ఇల్లంతా నీరే. జాయింటు మీద ఎం-సీల్ (గట్టిపడే అతుకు ముద్ద) పూయడం కూడా ఒక పూట గండం గడవడానికే, తర్వాత దాన్ని గీకి తీయడం నరకం.

బోరు నీళ్లు, ఉప్పు, జాలీ

బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా మంచిది. వేరే నీరు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. ఆ పై అంచున ఉండే బోరు నీళ్లతో నడిచే ఇళ్లలో కుళాయి మూతికి తెల్లటి పొర కడుతుంది, రబ్బరు బిరుసెక్కుతుంది, పిడి బిగుసుకుంటుంది.

రెండు మూడు నెలలకోసారి మూతి దగ్గరి జాలీని విప్పి, అరకప్పు వెనిగర్‌లో అరగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమండి. నిమ్మరసమైనా పనికొస్తుంది. బాత్రూమ్ యాసిడ్ మాత్రం దగ్గరికి రానివ్వొద్దు, క్రోమ్ పూత లేచిపోతుంది. జాలీ మూసుకుపోతే ధార సన్నబడుతుంది, జనం ప్రెషర్ లేదనుకుంటారు. ట్యాంకు కడిగించే రోజు ముందుగానే జాలీలు విప్పి, మొదటి బురద నీరంతా పోయాక తిరిగి పెట్టండి.

ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. ట్యాంకు నుంచి కిందికి ప్రతి 10 మీటర్లకూ చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి పెరుగుతుంది. అందుకే ఐదంతస్తుల భవనంలో పై అంతస్తు వాళ్ల కుళాయిలో కనపడని లీకు కింది అంతస్తు వాళ్లకు ధారగా కనిపిస్తుంది. కింది ఇళ్లవాళ్లు వాషర్లు, కనెక్షన్ పైపుల మీద ఎక్కువ కన్నేసి ఉంచాలి.

అమెరికాలో, ఇతర దేశాల్లో ఉన్నవాళ్లకు

పద్ధతి ఇదే గానీ భాగాలు వేరు. అమెరికాలో సింకు కింద వేడి, చల్లన లైన్లకు విడివిడి వాల్వ్‌లు దాదాపు అన్ని ఇళ్లలో ఉంటాయి కాబట్టి నీళ్లు ఆపడం తేలిక. కార్ట్రిడ్జ్‌లు మోడల్‌ను బట్టి ఉంటాయి, అంచేత కుళాయి మోడల్ నంబరు ముందు కనుక్కోండి. మోయెన్, డెల్టా వంటి కంపెనీలు సొంత ఇంట్లో వాడే మొదటి కొనుగోలుదారుకు జీవితకాల పరిమిత వారంటీ ఇస్తాయి, అడిగితే భాగం పంపిస్తాయి. అక్కడి పైపు మరలు మన మరలకు సరిపోవు, ఇండియా నుంచి కుళాయి తీసుకెళ్లి బిగించాలనుకోవద్దు. అద్దె అపార్ట్‌మెంట్ అయితే విప్పకుండా మెయింటెనెన్స్‌కు చెప్పండి.

ప్లంబర్‌ను పిలవాల్సిన సందర్భాలు

గోడ లోపల నుంచి తడి వస్తుంటే, టైల్స్ మధ్య చెమ్మ పాకుతుంటే, పాత జీఐ (ఇనుప) పైపు మరలు తుప్పుతో రాలిపోతుంటే, వాల్వ్ కట్టినా నీళ్లు ఆగకపోతే మీరు ముట్టుకోకండి. ప్లంబర్ వచ్చినప్పుడు కుళాయి రకం, నీరు సరిగ్గా ఎక్కడి నుంచి వస్తోందో, తెరిచినప్పుడా కట్టినప్పుడా అన్నది చెప్పండి. మార్చిన పాత భాగాన్ని అడిగి తీసుకుని ఒక కవరులో దాచుకోండి. వచ్చేసారి అదే పట్టుకుని షాపుకు వెళ్లి మీరే కొత్తది తెచ్చుకోవచ్చు.